ఆవిడ ఎన్నింటికి తినేది?

డిగ్రీ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా మామ్మకి డొక్కా సీతమ్మగారి కథ చదివి వినిపించాను. మామ్మ అంటే మా నాన్నగారి అమ్మ. మా కోనసీమలో అలాగే పిలుస్తాం. ఆ కథ ఆవిడకి కొత్త కాదు. లంకల గన్నవరం మా ఊరికి ఎంతో దూరం లేదు. అయినా అచ్చులో ఉన్న కథని మనవరాలు చదువుతుంటే వినడం ఇంకో ముచ్చట. చింతపండు పిక్కలు తీస్తూ వింటోంది. అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్ళకి కూడా అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి వేడన్నం పెట్టేదట అని చదివేసరికి చెయ్యి ఆపింది.

"మరి ఆవిడ ఎన్నింటికి తినేదే?"

"అది పుస్తకంలో లేదు మామ్మా."

"ఉండదులే" అని మళ్ళీ చింతపండు ముందుకు లాక్కుంది.

అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆ తర్వాత సాహిత్యంలో పరిశోధన చేశాను. స్త్రీల చరిత్ర మీద చాలా పుస్తకాలు చదివాను, కొన్ని సెమినార్లలో పత్రాలు సమర్పించాను. కానీ ఇన్నేళ్ళలో నాకు ఎదురైన ప్రశ్నల్లో మామ్మ వేసినంత సూటి ప్రశ్న ఇంకొకటి లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా రాస్తున్న జవాబు.

* * *

సీతమ్మగారి గురించి అందరూ చెప్పుకునే వివరాలు ముందు చూద్దాం. 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. వచ్చినవాళ్ళందరికీ బువ్వ పెట్టేవాడని తండ్రిని ఊళ్ళోవాళ్ళు బువ్వన్న అనేవారట. తల్లి తొందరగా పోవడంతో ఇంటి బాధ్యత చిన్నతనంలోనే ఈ పిల్ల మీద పడింది. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులుగారు ఒకసారి ఆ దారిన వస్తూ వీళ్ళింట్లో భోజనం చేశారనీ, ఆ ఆదరణ చూసి ముచ్చటపడి ఈమెను పెళ్ళాడారనీ చెబుతారు. పెళ్ళి కథ కూడా విస్తరి ముందే మొదలైందన్నమాట.

గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు లంకల గన్నవరం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా భూములకి కాలవ నీళ్ళు వచ్చాయి. అంతకుముందు 1832-33లో వచ్చిన డొక్కల కరువు కోస్తా జిల్లాలని ఎలా తుడిచిపెట్టిందో పెద్దవాళ్ళ నోట అప్పటికింకా వినిపిస్తూ ఉండాలి. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. కాలవలున్న గోదావరి, కృష్ణా డెల్టాలు ఆ గండం నుంచి గట్టెక్కాయి. అప్పటికి సీతమ్మగారి వయసు ముప్ఫై అయిదు. చుట్టూ ఆకలి, మధ్యలో పంట ఉన్న నేల. ఆ నేల మీద బాటసారులకి హోటళ్ళు లేవు. పడవ దాటాలి, నడవాలి, మళ్ళీ పడవ ఎక్కాలి. అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి వెళ్ళేవాళ్ళు, పెళ్ళివారు, కూలి వెతుక్కునేవాళ్ళు అందరికీ అదే దారి. ఆ దారిలో ఎప్పుడు వెళ్ళినా అన్నం దొరికే ఇల్లు ఒకటి ఉందనే మాట పాకింది. ఆ మాట నిలబెట్టుకుంటూ ఆవిడ నలభై ఏళ్ళకు పైగా వండారని చెబుతారు. 1909 ఏప్రిల్ 28న చనిపోయేదాకా ఆవిడ చేసిన పని ఇదే.

ఆవిడ మీద రెండు కథలు బాగా ప్రచారంలో ఉన్నాయి. అంతర్వేది వెళ్ళాలని ఎన్నాళ్ళుగానో అనుకుని చివరికి ఒకసారి బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళి బృందం ఎదురైంది. ఆకలితో ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు, ఇంకాసేపట్లో సీతమ్మగారిల్లు వచ్చేస్తుంది, అన్నం తిందామని. అది విని ఆవిడ యాత్ర మానుకుని, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారు. రెండో కథ ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానిది. 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. దానికి ఆహ్వానం వస్తే వెళ్ళనన్నారట. కనీసం ఫోటో అయినా పంపాలని అధికారులు బతిమాలితే, వాళ్ళ ఉద్యోగాలు పోతాయేమోనన్న జాలితో ఒప్పుకున్నారట.

ఈ కథల్లో ఎంత జరిగిందో, ఎంత చెప్పుకోగా చెప్పుకోగా పెరిగిందో తేల్చడం నా ఉద్దేశం కాదు. వీటిని ఎలా చెబుతున్నాం అన్నదే నాకు ముఖ్యం. రెండు కథల్లోనూ ఆవిడ గొప్పతనం ఏదో ఒకటి వద్దనుకోవడంలోనే ఉంది. యాత్ర వద్దు, సత్కారం వద్దు, ఫోటో వద్దు. ఈ వద్దుల పక్కన నిద్ర వద్దు, తిండి వద్దు, అలసట వద్దు అనే మాటలు ఎవరూ రాయకుండానే వచ్చి చేరాయి. ఇన్ని వద్దనుకున్నాక మిగిలేది మనిషి కాదు, దేవత. ఆవిణ్ణి అన్నపూర్ణ అన్నాం. అన్నపూర్ణకి చేతులు బొబ్బలెక్కవు. పొగకి కళ్ళు మండవు. అన్నపూర్ణని ఎన్నింటికి తింటావమ్మా అని అడగరు.

* * *

కోనసీమలో కొలతలు తెలిసిన ఏ పెద్దావిణ్ణి అడిగినా ఈ లెక్క చెబుతుంది. పనిచేసే మనిషికి పూటకి సోలెడు బియ్యం. పదహారు సోలలు ఒక కుంచం. నలభై ఎనిమిది మంది వచ్చారంటే మూడు కుంచాల బియ్యం. సీతమ్మగారి కాలానికి మర బియ్యం లేవు. వడ్లు దంపుకోవాలి. మూడు కుంచాల బియ్యానికి సుమారు ఆరు కుంచాల వడ్లు. దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. అవి ఒక్క పూటకి. పప్పు తిరగలిలో విసరాలి. పచ్చడి రోట్లో రుబ్బాలి. నీళ్ళు కాలవ నుంచో నూతి నుంచో బిందెలతో మొయ్యాలి. కట్టెలు, కొబ్బరి కమ్మలు ఎండబెట్టుకోవాలి. వానాకాలం పొయ్యి రాజుకోదు. అరటాకులు కోసి, కడిగి, తుడవాలి. ఎంగిలాకులు ఎత్తి, పేడతో అలికి, మళ్ళీ రెండో పంక్తి. అంటగిన్నెలు బూడిదతో తోమాలి.

ఇదంతా ఒక్క మనిషి చేసిందనడం ఆ మనిషికి గౌరవం కాదు. అది అసాధ్యం కూడా. ఇంట్లో కోడళ్ళు, దూరపు చుట్టాలు, ఆ రోజుల్లో అలాంటి ఇళ్ళలో తలదాచుకునే వితంతువులు చేసి ఉండాలి. వడ్లు దంచే పని ఆ కాలంలో ఎక్కువగా కూలి ఆడవాళ్ళది. నూకలో తవుడో వాళ్ళ కూలి. దంపుళ్ళ పాటలు మనవాళ్ళు సేకరించారు. వాటి లయ మీద, భాష మీద పరిశోధనలు జరిగాయి. నేనూ ఒక పత్రం రాశాను. ఆ పాట పాడిన మనిషి ఆ రోజు ఎన్ని కుంచాలు దంచింది, చేతికి ఎంత వచ్చింది అని నేను రాయలేదు. మడి వంటింట్లోకి అడుగు పెట్టే హక్కు వాళ్ళకి ఉండేది కాదు. వాళ్ళు దంచిన బియ్యానికి మాత్రం ఆ హక్కు ఉంది. సీతమ్మగారు కులం చూడకుండా అన్నం పెట్టారని అందరూ చెబుతారు, నమ్ముతాను. అయితే ఆ కాలపు బ్రాహ్మణ గృహంలో ఎవరు పంక్తిలో కూర్చున్నారు, ఎవరు పెరట్లో చేతులు చాపారు అనే ప్రశ్న అడక్కుండా 'కులం చూడకుండా' అనే మాటని అంత తేలిగ్గా రాసెయ్యకూడదు. దళిత స్త్రీల రచనలు చదివాక కూడా మనం ఈ ప్రశ్న వెయ్యకపోతే వాటిని చదవనట్టే లెక్క.

ఇంకో సంగతి ఉంది. దానం చెయ్యాలంటే చేసేవాళ్ళకి ఆస్తి ఉండాలి. సీతమ్మగారి కాలంలో హిందూ స్త్రీకి పుట్టింటివాళ్ళు పెట్టిన స్త్రీధనం తప్ప ఇంటి భూమి మీద యాజమాన్యం లేదు. వితంతువుకి భర్త ఆస్తిలో పరిమితమైన హక్కు ఇచ్చిన చట్టం 1937లో వచ్చింది. హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కునిచ్చే సవరణ మన రాష్ట్రంలో 1980ల నడిమికి గాని రాలేదు. అంటే, ఆవిడ పెట్టిన అన్నంలో బియ్యం ఆవిడవి కావు, పొలం ఆవిడది కాదు. ఆవిడ సొంతంగా ఇచ్చింది ఒకటే: తన శ్రమ. అన్నదాత అని బిరుదు ఇచ్చి మనం పొగిడింది ఆవిడది కాని దాన్ని. ఆవిడదైన దానికి మనదగ్గర లెక్క లేదు.

* * *

ఇలా రాస్తున్నాను గానీ, ఇదే తప్పు నేనూ చేశాను.

2017లో నా సిద్ధాంత వ్యాసం పూర్తయింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల స్త్రీల రచనల్లో ఇంటి చాకిరీ ఎలా కనిపిస్తుందన్నది నా విషయం. చివరి ఏడాదంతా ఊళ్ళోనే ఉండి రాశాను. పొద్దున్న కాఫీ, పదకొండింటికి అన్నం, సాయంత్రం మళ్ళీ ఏదో ఒకటి నా బల్ల మీదికి వచ్చేవి. మామ్మకి అప్పటికి ఎనభై దాటాయి. మోకాళ్ళు వంగేవి కావు. గోడ పట్టుకుని నడుస్తూ తెచ్చిపెట్టేది. స్త్రీల శ్రమ అదృశ్యమైపోతోందని నేను రాస్తున్న పేజీల పక్కన ఆ పళ్ళెం ఉండేది. కృతజ్ఞతల పేజీలో 'మా ఇంటి అన్నపూర్ణ మామ్మకి' అని రాశాను. బైండు చేయించిన ప్రతి తీసుకెళ్ళి సంబరంగా చదివి వినిపించాను.

"అన్నపూర్ణ ఏవిటే? గుళ్ళో బొమ్మనా? నేను అలిసిపోయేదాన్నని రాయి" అంది.

"బైండింగు అయిపోయింది మామ్మా."

"సర్లే. ఇంకోసారి రాసినప్పుడు రాయి."

2020లో మామ్మ పోయింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మా మామ్మ అలిసిపోయేది.

పదమూడో ఏట కాపురానికి వచ్చింది. మూడో తరగతి చదువు. మూడెకరాల కొబ్బరితోట, ఇద్దరు మరుదులు, ముగ్గురు ఆడపడుచులు, పదకొండేళ్ళు మంచంలో ఉన్న అత్తగారు. తన పిల్లలు అయిదుగురు, ఒక బిడ్డ దక్కలేదు. ఇంటి పని ఇంతుండగా ఊరి పని వేరే. పురుడొస్తే మామ్మ, శవం లేస్తే ఆ ఇంటికి అన్నం వండి పంపడానికి మామ్మ, పెళ్ళికి ఆవకాయ జాడీల దగ్గర నుంచి అప్పగింతల దాకా మామ్మ. ఎవరూ డబ్బివ్వలేదు. ఇస్తే తీసుకునేది కూడా కాదు. 'మామ్మ చెయ్యి పడితే సరిపోతుంది' అనేవారు. ఆ మాటకి ఆవిడ లొంగిపోయేది. ఆ మాట వాడితే ఆవిడ కాదనదని ఊరందరికీ తెలుసు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుపాను కొట్టింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తెల్లారేసరికి తోటలో నిలబడిన కొబ్బరిచెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. జిల్లాలో చనిపోయినవాళ్ళు వెయ్యికి పైనే. ఊళ్ళో పెంకుటిల్లుగా నిలిచింది బడి ఒక్కటి. అందరూ అక్కడికే చేరారు. మామ్మకి అరవై. తడిసిన బియ్యం ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లోంచి తెప్పించింది. పడిపోయిన కొబ్బరికాయలు కొట్టించింది. మొదటి రోజు అన్నానికి రెండు వరసలు నిలబడ్డాయి, ఊరివాళ్ళది ఒకటి, పేటవాళ్ళది ఒకటి. అది నా కళ్ళతో చూశాను. మామ్మ ఆ రెండు వరసల్నీ ఏమీ అనలేదు. మూడో రోజుకి ఒక్క పొయ్యే మిగిలింది, ఆరకుండా ఉన్న కట్టెలు పేటవాళ్ళ దగ్గరే ఉన్నాయి. పేట నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి గరిటె పట్టారు. అప్పుడు వరస ఒక్కటైంది. అది మామ్మ గొప్పతనమని రాయలేను. తుపాను చేసిన పని అది. కట్టెలు దొరికాక మళ్ళీ ఎవరి పొయ్యి వాళ్ళదే.

కానీ ఇంకొకటి కూడా రాయాలి. విమల 'వంటిల్లు' కవిత చదివిన తరం నాది. వంటింటిని జైలుగా చూడడం మాకు ఆ కవితే నేర్పింది. ఆ కళ్ళతోనే మామ్మని ఒకసారి అడిగాను, తుపానప్పుడు అంత చాకిరీ ఎలా చేశావని. ఆవిడ ముఖం వెలిగింది. "ఆ వారం రోజులూ నేను ఎవరి మాటా వినలేదే. మీ తాతయ్యకి కూడా బిందె ఇచ్చి నీళ్ళకి పంపాను" అంది. ఇంట్లో ఉప్పు డబ్బా కొనడానికి తాతయ్యని అడగాల్సిన మనిషి ఆ వారం రోజులు ఊరిని నడిపింది. ఇంటి వంటలో దొరకని అధికారం ఊరి వంటలో దొరికింది. సీతమ్మగారు అంతర్వేది దారిలోంచి వెనక్కి తిరిగినప్పుడు కూడా అలాంటిదేదో ఉండి ఉంటుందని నాకిప్పుడు అనిపిస్తుంది. దేవుడి కల్యాణం కంటే ఆకలే ముందని నిర్ణయించడం చిన్న విషయం కాదు. ఆవిడ ఎవరినీ అడిగి ఆ నిర్ణయం తీసుకున్నట్టు కథలో లేదు. గడప దాటడం కష్టమైన కాలంలో దారినపోయే లోకాన్నే తన గడపలోకి రప్పించుకున్నదావిడ. త్యాగం అనే ఒక్క మాట వాడితే ఈ తెలివీ ఈ ఇష్టమూ కనబడకుండా పోతాయి. అలసట కూడా దానితోపాటే కనబడకుండా పోతుంది. రెండూ నిజాలే. మామ్మ అలిసిపోయేది, ఆ పని ఆవిడకి ఇష్టం కూడా.

* * *

సీతమ్మగారు పోయిన 1909లోనే జూలై 15న రాజమండ్రిలో దుర్గాబాయి పుట్టారు. ఇది కాకతాళీయమే. కానీ స్త్రీల సేవకి ఒక దశ ముగిసి ఇంకో దశ మొదలవడానికి గుర్తుగా నాకు పనికొచ్చింది. దుర్గాబాయి 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలయ్యారు. వంటింట్లో, వీధిలో స్త్రీలు ఎప్పటినుంచో చేస్తున్న పనికి అప్పుడు కార్యాలయం, గ్రాంటు, రిజిస్టరు వచ్చాయి. సేవ అన్న మాట పక్కన స్వచ్ఛంద సంస్థ అన్న మాట చేరింది. ఎంతోమంది వితంతువులకి, భర్తలు వదిలేసిన స్త్రీలకి చదువు, ఉపాధి ఇచ్చిన దారి అది. దాని విలువ తగ్గించి మాట్లాడడం కృతఘ్నత. అయితే ఆ దారిలోనే ప్రభుత్వం ఒక కిటుకు కూడా నేర్చుకుంది. స్త్రీలు ఈ పని ఎలాగూ ప్రేమతో చేస్తారు, దాన్ని ఉద్యోగం అనక్కర్లేదు, జీతం అనక్కర్లేదు.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలు మొదలయ్యాయి. అందులో పనిచేసే స్త్రీలు గౌరవ కార్యకర్తలు, వాళ్ళకిచ్చేది గౌరవ వేతనం. 2001 నవంబరు 28న ప్రభుత్వ బడుల్లో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2004 ఏప్రిల్‌లో వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఆదివాసులకి ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు మరో ఆదేశం ఇచ్చింది. మడి వంటిళ్ళ చరిత్ర తెలిసినవాళ్ళకి ఆ ఒక్క వాక్యం ఎంత పెద్దదో అర్థమవుతుంది. కానీ వాళ్ళకిచ్చే డబ్బు? 2009 చివరలో కేంద్రం నెలకి 1000 రూపాయలు అని నిర్ణయించింది, అదీ ఏడాదికి పది నెలలకే. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని 3000 చేసింది. దాని పేరు కూడా గౌరవ వేతనమే. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు రాష్ట్రంలో అంగన్‌వాడీ స్త్రీలు సమ్మె చేశారు. అప్పుడు వాళ్ళ మీద అత్యవసర సేవల చట్టం ప్రయోగించారు. జీతం అడిగినప్పుడు గౌరవ కార్యకర్తలు, పని ఆపినప్పుడు అత్యవసర సేవకులు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. విని సంతోషించాను. రాజకీయ నాయకుల పేర్లు మారి మారి ఒక వంట చేసిన స్త్రీ పేరు వచ్చింది కదా అనిపించింది. ఆ సంతోషంతోనే ఆ తర్వాత ఒకసారి మా పక్క ఊరి బడికి వెళ్ళాను. అరవై మంది పిల్లలు, ఇద్దరు వంటవాళ్ళు. అందులో ఒకామెకి యాభై ఏళ్ళుంటాయి. ఏడింటికి ఇంట్లో వంట ముగించి ఎనిమిదికల్లా బడికి వస్తుంది. కూరలు తరగాలి, గుడ్లు ఉడకబెట్టాలి, నీళ్ళు పట్టుకోవాలి. బిల్లు ఆలస్యమైతే కిరాణా కొట్లో అప్పు ఆమె పేరు మీదే రాస్తారు. గోడ మీద పథకం పేరు చూపించి, సీతమ్మగారి కథ తెలుసా అని అడిగాను.

"తెలీకేం? మా ఊళ్ళకి దగ్గరేగా. మహాతల్లి" అంది. కాసేపాగి, గిన్నె తోముతూనే, "ఆవిడకి పొలం ఉందండీ, పెట్టింది. నాకు పొలం లేదు, వండుతున్నాను. ఇద్దరిదీ ఒకటే అంటే ఎలాగండీ?" అంది.

చట్టప్రకారం ఆ పొలం సీతమ్మగారిది కాదని చెప్పబోయి ఆగిపోయాను. ఆస్తి హక్కు గురించి నేను పైన రాసిన లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్కలో నేను చూడనిది ఈమె చూసింది. పొలం ఆవిడ పేరున లేకపోయినా గాదెలో వడ్లున్నాయి. పెట్టనా వద్దా అని అనుకునే వీలు ఆవిడకి ఉంది. దర్బారుకి రానని చెప్పగలిగిన వీలు ఉంది. రేపటినుంచి రానని చెబితే ఈమె ఇంట్లో పొయ్యి వెలగదు. దానం, సేవ, ఉద్యోగం మూడూ వేరు. ఒకదాని పేరు ఇంకోదానికి పెడితే ఎప్పుడూ నష్టపోయేది కింద ఉన్నవాళ్ళే. సీతమ్మగారి పేరు గోడ మీద ఉండడం మంచిదే. ఆ పేరు చూపించి, ఆవిడ ఊరికే పెట్టలేదా, మీకెందుకమ్మా అంత ఆశ అని ఎవరైనా అనే రోజు రాకూడదు.

2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు దానిమీద గడుపుతున్నారు. ఇప్పుడు నిమిషాలు లెక్కపెట్టడం నేర్చుకున్నాం. మంచిదే. మామ్మ తరానికి ఆ లెక్క ఎవరూ కట్టలేదు. సీతమ్మగారి తరానికి కట్టడం ఇక కుదరదు. కానీ సోలలు, కుంచాలు తెలిసిన ఆడవాళ్ళు ఇంకా మన ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళని అన్నపూర్ణలని పిలిచే ముందు ఒక నోటుపుస్తకం తీసుకుని పక్కన కూర్చుందాం. ఎన్నింటికి లేచారు, ఎంతమందికి వండారు, పక్కన ఎవరు సాయం పట్టారు, వాళ్ళకేమిచ్చారు, ఏ పని ఇష్టంగా చేశారు, ఏది తప్పక చేశారు అని అడుగుదాం. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు ఇలా కూర్చుని అడిగి రాసుకున్నారు. పోరాటంలోకి వెళ్ళిన స్త్రీల గురించి వాళ్ళు చేసిన పనిని పొయ్యి దగ్గర ఉండిపోయిన స్త్రీల గురించి కూడా మనం చెయ్యాలి.

ఆ రోజు బడి నుంచి వచ్చేస్తూ, మీరెన్నింటికి తింటారని ఆమెని అడిగాను.

"పిల్లలు తిని, గిన్నెలు కడిగాక. మూడవుద్దండీ" అంది.

మామ్మ కూడా మూడింటికే తినేది. తాతయ్య నిద్ర లేచి టీ అడిగేలోపు, పీట వేసుకుని, పెరటి గుమ్మంలో, మధ్యలో రెండుసార్లు లేస్తూ. పాతికేళ్ళు చూశాను. ఎవరైనా అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని.